ఎనిమిది గంటల జెండా

ప్రేబెన్ లిండెస్కోవ్ కాఫీ అయితే ఇచ్చాడు గాని కూర్చోమని అనలేదు.

రిక్కె తోరుప్ తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. పదకొండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, పైవాళ్లతో పడక బయటికొచ్చి, ఆరేళ్లుగా సొంతంగా కేసులు పట్టుకుంటున్న ఆడమనిషికి మర్యాదగా కుర్చీ చూపించే ఇళ్లు డెన్మార్క్ మొత్తం మీద ఎన్నుంటాయో ఆమెకి తెలుసు. ఈ ఇల్లు అందులో లేదనీ తెలుసు. గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. బల్ల మీద రెండు పేజీల కాగితం, దాని పక్కన ఒక కలం. మూడు గంటలకి ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల వచ్చి ఆ కాగితం మీద సంతకం పెడితే, నానమ్మని చంపింది తనేనని ఒప్పుకున్నట్టు.

కాగితంలో ఉన్నది ఇది. జూన్ పన్నెండో తేదీ, తన పద్దెనిమిదో పుట్టినరోజు పొద్దున, తొమ్మిదిన్నరకి అల్బెర్టె తన నానమ్మ తూరా లిండెస్కోవ్‌తో కలిసి సముద్రస్నానానికి బయల్దేరింది. ఇంటి వెనక గట్టు మీంచి ఒడ్డుకి దిగే అరవై నాలుగు మెట్ల మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. కోపం పట్టలేక తోసింది. ముసలావిడ కిందపడి చనిపోయింది. తోసిన విసురుకి తనూ జారిపడింది.

రాత బాగానే ఉంది. చిక్కల్లా ఒకటే, అందులో ఒక్క ముక్క కూడా ఆ పిల్లకి గుర్తులేదు. తల పగిలి నాలుగు రోజులు ఆసుపత్రిలో తెలివి లేకుండా పడుంది. ముందురోజు రాత్రి భోజనం దగ్గర చేపముక్క మీద నిమ్మకాయ పిండుకోవడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి పైకప్పు. మధ్యలోది ఇక ఎప్పటికీ రాకపోవచ్చని డాక్టర్లు చెప్పేశారు. ఇది జరిగి మూడు వారాలయింది.

"గుర్తులేని పిల్ల తొమ్మిదిన్నర అని టైము ఎలా రాసింది?" అని అడిగింది రిక్కె.

"మా లాయరుగారు సాయం చేశారు."

"ఆయన ఆ పొద్దున మెట్ల మీద ఉన్నారా?"

ప్రేబెన్ నవ్వాడు. యాభై రెండేళ్ల మనిషి, తూరాకి మిగిలిన ఒక్క కొడుకు. దేశంలో ప్రతి ముసలమ్మా సూదీదారం దాచుకునే ఎర్ర రేకు డబ్బా మీద ఉండేది వీళ్ల ఇంటిపేరే. మూడు తరాలుగా జనం వీళ్ల వెన్న బిస్కెట్లు తిని డబ్బాలు దాచుకుంటున్నారు. ఆ నవ్వు కూడా ఆ డబ్బా మూతలాగే ఉంది, పైన బొమ్మ అందంగానే ఉంటుంది, లోపల ఏముందో చప్పుడుని బట్టి తెలుసుకోవాలి.

"తోరుప్‌గారూ, ఆ పిల్ల మంచి కోసమే ఇదంతా. ఒప్పుకుంటే జైలు ఉండదు. తలకి దెబ్బ తగిలిన పిల్ల కాబట్టి మంచి చోట ఉంచి చూసుకుంటారు."

మంచి చోటంటే తలుపులు బయటినుంచి వేసే చోటు. ఎన్నేళ్లో ఎవరూ చెప్పరు. ఇక మిగతాది రిక్కెకి తెలిసిందే. తూరా తన వాటా మొత్తం మనవరాలి పేర రాసిపెట్టింది. చంపినవాళ్లకి చచ్చినవాళ్ల ఆస్తి రాదు. సంతకం పడగానే అది ప్రేబెన్‌గారి ఒళ్లో వచ్చి పడుతుంది. అల్బెర్టెకి తండ్రి లేడు. తల్లి డిట్టె, జట్లాండ్‌లో ఒక బడి వంటింట్లో పనిచేస్తుంది. రిక్కెని పెట్టుకున్నది ఆవిడే. ఆవిడని ఈ ఇంటి గేటు లోపలికి ఏనాడూ రానివ్వలేదు. ఇప్పుడు కూడా బయట పాత కారులో కూర్చుని, ఒళ్లో పెట్టుకున్న రొట్టె ముక్క తినలేక, పావుగంటకోసారి రిక్కెకి ఫోన్ చేస్తోంది. పిల్లకి పద్దెనిమిది నిండాయి కాబట్టి తల్లి వద్దంటే చెల్లదు.

కిటికీ దగ్గర నిలబడి ఆ ఇంటి బిస్కెట్లే తింటున్న ఇంకో మనిషి జిల్లా పోలీసు ఇన్‌స్పెక్టర్ ఫ్లెమ్మింగ్ యూల్. ఒకప్పుడు అతనూ రిక్కే ఒకే గదిలో ఎదురుబొదురుగా కూర్చుని పనిచేసేవాళ్లు. ఆ రోజుల్లో రిక్కె ఛేదించిన కేసులు రెండు అతని ఫొటోతో పేపర్లో వచ్చాయి. మూడోది రాకముందే ఆమె రాజీనామా ఇచ్చేసింది.

"కానియ్ రిక్కె, అడుగు అడుగు," అన్నాడు ఫ్లెమ్మింగ్, వేళ్లు దులుపుకుంటూ. "నాలుగింటికి నా సెలవు మొదలు. పిల్లలు ఇప్పటికే కారు మీద పడవ కట్టేసుకుని కూర్చున్నారు."

రిక్కె అడిగింది. ప్రేబెన్ చెప్పిన లెక్క గడియారం మింగినట్టు ఉంది. ఆ పొద్దున తొమ్మిదింటికి నిద్రలేచాడు. తొమ్మిదిన్నరకి ఇద్దరూ స్నానపు కోట్లు వేసుకుని మెట్లవైపు వెళ్లడం కిటికీలోంచి చూశాడు. పదీ ఇరవైకి పుట్టినరోజు టిఫిను చల్లారిపోతోందని పిలవడానికి వెళ్లి, కింద ఇద్దరినీ చూశాడు. పదీ ఇరవై నాలుగుకి ఫోన్ చేశాడు. తొమ్మిదికి ముందు ఏం చేశావంటే, పడుకున్నవాడు ఏం చేస్తాడని ఎదురు ప్రశ్న వేశాడు. ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు. నిజం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట తడుముకుంటాడని రిక్కె అనుభవం.

పైన గదిలో అల్బెర్టె మంచం మీద బూట్లతోనే కూర్చుని ఉంది. తలకి ఒక పక్క జుట్టు గొరిగేశారు, కుట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఊతకర్ర గోడకి ఆనించి ఉంది. సంతకం పెట్టొద్దని అమ్మ చెప్పమందని రిక్కె అంటే, అమ్మ అలాగే అంటుందని తల తిప్పుకుంది.

తనకి కోపమెక్కువని అందరూ అంటారట. పదిహేనేళ్లప్పుడు బాబాయి మీద పళ్లెం విసిరిందట, ఆ గాటు తలుపు మీద ఇంకా ఉందట. అలాంటిది నానమ్మని తోసి ఉండదని ఎవరు చెప్పగలరు? తనైతే చెప్పలేనంది. నేను చేయలేదు అనాలంటే చేయలేదని తెలియాలి కదా, తెలియకుండా అనడం అబద్ధం కాదా అని అడిగింది. ఈ ఇంట్లో అబద్ధం గురించి బెంగపడే మనిషి ఈ పిల్ల ఒక్కతే అనుకుంది రిక్కె.

"ఆస్తి నాకొద్దు," అంది అల్బెర్టె. "బాబాయిని కాఫీలో ముంచుకుని తినమను. నాకు ఒక్కటే కావాలి. నానమ్మని నేను తోశానా, లేదా. అది తేలకపోతే ఎక్కడ పెట్టి తాళం వేసినా నాకు ఒకటే."

"మూడింటివరకు ఆగు."

"మూడింటివరకే," అంది పిల్ల.

రిక్కె మెట్ల దగ్గరికి వెళ్లేసరికి ఫ్లెమ్మింగ్ వెనకాలే వచ్చాడు. కాపలాకో, కాలక్షేపానికో. చెక్కమెట్లు, రెండు పక్కలా కమ్మీ, ముప్పయ్యో మెట్టు దగ్గర మలుపు. కింద గుండ్రాళ్లు, రాళ్ల అవతల స్నానాలకి కట్టిన చెక్కవంతెన. రిక్కె ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ దిగింది. ఆఖరి మెట్టుకి మూడు అడుగుల దూరంలో పిల్ల పడి ఉందని పోలీసుల నివేదికలో గీసిన బొమ్మ చెబుతోంది. ముసలావిడ ఇంకో రెండు అడుగుల ఇవతల, తల ఆఖరి మెట్టు మీద.

తోసినది పైనుంటుంది, తోయించుకున్నది కిందుంటుంది. ఇక్కడ తోసిన పిల్ల దూరంగానూ, తోయించుకున్న ముసలావిడ మెట్టు మీదా పడ్డారు. అది చెబితే, దొర్లినవాళ్లు ఎక్కడ ఆగుతారో కొలబద్ద పెట్టి ఎవరు చెప్పగలరని ఫ్లెమ్మింగ్ ఆవులించాడు.

"నీ నివేదికలో పిల్ల స్నానపు కోటు తొడుక్కుని ఉందని రాశావ్," అంది రిక్కె. "ఎవరి కోటు?"

"ముసలావిడది. తీసి వేసుకుని ఉంటుంది. ఈ కాలం పిల్లలు."

"కోటు కింద ఏముంది ఒంటి మీద?"

జీన్స్, స్వెటరు, తాడు బిగించి కట్టిన బూట్లు అని రిక్కే చెప్పింది. సముద్రస్నానానికి బూట్ల తాళ్లు బిగించుకుని వెళ్లే మనిషిని ఈ తీరంలో ఒక్కరిని చూపించమంది. అంతే కాదు. నిన్న సాయంత్రం తను అంబులెన్సు అతని ఇంటికి వెళ్లి వచ్చింది. కోటు తొడుక్కుని లేదని అతను చెప్పాడు. చేతులు దూర్చి లేవు. దుప్పటిలా పైన కప్పి ఉంది, అంచులు పాదాల కిందకి మడిచి పెట్టి ఉన్నాయి. నిద్రపోయే పసిదానికి చలి కొట్టకుండా తల్లి మడిచినట్టు ఉందని అతనే అన్నాడు. అడిగితే మీ ఫ్లెమ్మింగ్‌గారికీ ఇదే చెప్పేవాణ్ణి, ఆయన అడగలేదు అన్నాడు.

"అంటే పిల్ల ముందే పడి ఉంది," అంది రిక్కె. "ముసలావిడ బతికే ఉండి దిగివచ్చింది. ఊపిరి ఉందని చూసింది. తన ఒంటి మీది కోటు తీసి కప్పింది. పోయినవాళ్ల పాదాలకి చలేస్తుందని ఎవరూ మడిచిపెట్టరు, ఫ్లెమ్మింగ్."

అతను తడుముకోకుండా ఇంకో కథ అల్లేశాడు. ఇద్దరూ పడ్డారు, ముసలావిడకి వెంటనే ప్రాణం పోలేదు, తనని తోసిన పిల్లకే పాకుతూ వెళ్లి కోటు కప్పి, మళ్లీ వెనక్కి పాకి పోయింది. నానమ్మలు అలాగే ఉంటారు అన్నాడు. సిగ్గులేకుండా గొంతు కాస్త మెత్తగా పెట్టి మరీ అన్నాడు. ఆ కథ కోర్టులో నిలబడుతుందని రిక్కెకి తెలుసు. ఎందుకంటే అది డబ్బున్నవాళ్లకి కావలసిన కథ, పైగా అందులో కన్నీళ్లు కూడా ఉన్నాయి.

కావలసింది టైము. ఎవరు ఎప్పుడు పడ్డారో చెప్పే మూడో కన్ను.

రెండు వందల అడుగుల అవతల, ఇదే ఒడ్డున, మెట్ల అడుగు కనపడకుండా గట్టు మలుపు తిరిగిన చోట, ఊరి పొద్దుటి స్నానాలవాళ్ల సంఘం గుడిసె ఉంది. ఎండైనా మంచైనా రోజూ వచ్చి సముద్రంలో మునిగే పెద్దవాళ్లు. గుడిసె తలుపు తీసే ఉంది. లోపల గోడ నిండా ఫొటోలు. మునిగి లేచాక అందరూ తడి తలలతో నిలబడి ఒక ఫొటో దిగుతారు. ముందు నిలబడ్డవాళ్లు ఒక పలక పట్టుకుంటారు. పలక మీద తేదీ, టైము, నీళ్ల వేడి. గొప్పలు చెప్పుకోవడానికి వాళ్లు పెట్టుకున్న ఆచారం అది. ఏడాది మొత్తం గోడ మీద వరసగా ఉంది.

జూన్ పన్నెండు. ఎనిమిదీ పది. పద్నాలుగు డిగ్రీలు. తొమ్మిది మంది ముసలివాళ్లు పళ్లికిలించి నవ్వుతున్నారు. వాళ్ల భుజాల వెనక గట్టు, గట్టు మీద లిండెస్కోవ్ వాళ్ల తెల్లటి జెండాకర్ర.

రిక్కె ఫొటోకి ముక్కు ఆనించి చూసింది. తర్వాత మేకు పీకి ఫొటో చేతిలోకి తీసుకుని వెలుగులోకి వచ్చింది.

జెండా సగంలోనే ఉంది.

పుట్టినరోజున ఈ దేశంలో జెండాకర్ర ఉన్న ప్రతి ఇంటా జెండా కొస దాకా ఎగురుతుంది. సగానికి దించి కట్టేది ఇంట్లో ఎవరైనా పోయినప్పుడే. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. పదీ ఇరవైకి శవం దొరికిందని చెప్పిన ఇంట్లో, ఎనిమిదీ పదికే చావు జెండా కట్టి ఉంది.

ఫ్లెమ్మింగ్ ఫొటో చూసి ముందు నవ్వాడు. తాడు ఇరుక్కుని ఉంటుందన్నాడు. తోటమాలి ముసలాడన్నాడు. గాలి అన్నాడు. రిక్కె ఫొటో చంకలో పెట్టుకునేసరికి అతనికి ఒళ్లు మండింది.

"నీకెప్పుడూ ఇదే రోగం," అన్నాడు. "ఎదురుగా మనిషి ఒప్పుకుంటానని కూర్చుంటే నువ్వు పోయి గుడ్డముక్కల వెంట పడతావ్. అందుకే నిన్ను పంపించేశారు."

"నేనే పోయాను. నువ్వు మాత్రం నీ పుట్టినరోజుకి ఇంటి ముందు జెండా కట్టావుగా పోయిన నెల. కొస దాకా పోయిందా, మధ్యలో ఇరుక్కుందా?"

అతను మూడింటికి సంతకం, నీ గుడ్డముక్క సంగతి ఆ తర్వాత చూద్దాం అని మెట్లెక్కి వెళ్లిపోయాడు. గంట రెండూ ఇరవై అయింది.

జెండా కట్టే మనిషి మోగెన్స్. డెబ్భై నాలుగేళ్లు. ఇరవై ఏళ్లు నౌకాదళంలో చేసి, ముప్పై ఏళ్లుగా ఈ ఇంటి తోట, ఈ ఇంటి జెండా చూసుకుంటున్నాడు. గాజుపాకలో టమాటా మొక్కలకి పుల్లలు కడుతూ దొరికాడు. రిక్కె ఫొటో చూపించగానే కళ్లజోడు పెట్టుకుని, తను కట్టిన ముడి సరిగ్గా కనపడుతోందో లేదో చూసుకున్నాడు.

తాడు ఇరుక్కోవడం ఏమిటని ఆయనకి కోపం వచ్చింది. తన చేతిలో తాడు ఎప్పుడూ ఇరుక్కోలేదు. ముందు కొస దాకా ఎక్కించి, ఆ తర్వాతే సగానికి దించాలి, పద్ధతి అది. సరిగ్గా ఎనిమిదికి, ఒక్క నిమిషం ముందు కాదు, వెనక కాదు. రిక్కె ఓపికగా అంతా విని, పోలీసులు ఈ సంగతి అడగలేదా అంది. తొమ్మిదిన్నరకీ పదిన్నరకీ మధ్య ఎక్కడున్నావని అడిగారు, గాజుపాకలో ఉన్నానని చెప్పాను, వెళ్లిపోయారు అన్నాడాయన. ఎనిమిది గంటల గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"ఎనిమిదికే తూరాగారు పోయినట్టు మీకు ఎవరు చెప్పారు?"

మోగెన్స్ కళ్లజోడు తీసి ఆమె వైపు వింతగా చూశాడు.

"పెద్దమ్మగారు అప్పటికి పోలేదమ్మా. జెండా ఆవిడ కోసం కట్టింది కాదు."

"మరెవరి కోసం?"

"చిన్నమ్మాయి కోసం."

రిక్కె అక్కడున్న బోర్లించిన కుండీ మీద కూర్చుండిపోయింది. ఆయన పుల్లలు కట్టడం ఆపకుండానే చెప్పుకొచ్చాడు. ఏడూ నలభైకి పుట్టినరోజు జెండా చంకలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. అక్కడ ప్రేబెన్ ఒక్కడే ఉన్నాడు, మొహం తెల్లగా పాలిపోయి. ఈ రోజు జెండా వద్దు మోగెన్స్, అల్బెర్టె లేదిక, మెట్ల మీంచి పడి పోయింది, నేను చెప్పేదాకా ఎవరికీ చెప్పకు అన్నాడు. ఆయన ఎవరికీ చెప్పలేదు. కాని చావు జరిగిన ఇంట్లో కర్ర బోసిగా వదిలేయడం తన వల్ల కాలేదు. అది అడిగి చేసే పని కాదు కదా అన్నాడు.

ప్రేబెన్ తలెత్తి చూసి ఉండడు. ముప్పై ఏళ్లుగా తన నెత్తి మీద ఎగిరే గుడ్డని ఆ మనిషి ఏనాడూ చూసి ఉండడు, దాన్ని కట్టే చేతుల్నీ చూసి ఉండడు. రిక్కెకి నవ్వు రాబోయి ఆగిపోయింది, చేతి గడియారం రెండూ యాభై చూపిస్తోంది.

"ఇదంతా ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"అందరికీ తెలుసనుకున్నాను," అన్నాడు మోగెన్స్. "చిన్నమ్మాయిని చూడ్డానికి పరుగెత్తుతూ పెద్దమ్మగారు జారిపడ్డారని బాబుగారు నాతో అన్నారు. పోలీసులకీ అదే చెప్పి ఉంటారనుకున్నాను. వేరేగా ఏమైనా చెప్పారా?"

ఆమె ఆయన్ని మట్టిచేతులతోనే లేవదీసి తీసుకెళ్లింది.

గదిలోకి వెళ్లేసరికి లాయరు వచ్చి ఉన్నాడు. అల్బెర్టె బల్ల ముందు కూర్చుని, కాగితం రెండో పేజీ చదువుతోంది. కలం చేతిలోనే ఉంది. ఫ్లెమ్మింగ్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. తోటమాలి లోపలికి రావడం చూసి ప్రేబెన్ తివాచీ వైపు చూశాడు, బూట్ల మట్టి అంటుతుందని కాబోలు.

రిక్కె ఫొటోని కాగితం మీద పెట్టింది. సంతకం పెట్టే చోటు సరిగ్గా మూసుకుపోయింది. ఏడూ నలభైకి వంటింట్లో ఏం జరిగిందో చెప్పమంది. మోగెన్స్ మళ్లీ అంతా చెప్పాడు, ఈసారి టోపీ తీసి చేతిలో పట్టుకుని.

"ఆయనకి డెబ్భై నాలుగు," అన్నాడు ప్రేబెన్ లాయరుతో, మోగెన్స్ అక్కడ లేనట్టే. "ఏ రోజు ఏం జరిగిందో కలిపేసుకుంటున్నాడు."

"ఎనిమిదీ పావుకి పెద్దమ్మగారు గదిలోంచి జెండా చూసి కిందికి వచ్చారు," అన్నాడు మోగెన్స్. ఆయన అల్బెర్టెకే చెబుతున్నాడు. "రాత్రి వేసుకున్న గౌను మీద స్నానపు కోటు, కాళ్లకి చెప్పులు కూడా లేవు. నా ఇంట్లో ఎవరు పోయారు మోగెన్స్ అని అడిగారు. బాబుగారు చెప్పొద్దన్నారు, కాని ఆవిడ అడిగితే నేనెలా చెప్పకుండా ఉంటాను? నీ పేరు చెప్పాను. ఆవిడ మెట్లవైపు పరుగెత్తారు. వెనకాలే బాబుగారూ పరుగెత్తారు. తల్లికి తోడుగా వెళ్తున్నారనుకున్నాను. ఇంటివాళ్ల ఏడుపు పనివాళ్లు చూడకూడదు గదా, నేను గాజుపాకలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. పదిన్నర దాటాక నీకు ఊపిరి ఉందని అంబులెన్సువాళ్లు చెబితే జెండా కొసకి ఎక్కిద్దామని వెళ్లాను. అంతలో పెద్దమ్మగారిని పైకి తెచ్చారు. అందుకని దాన్ని అలాగే ఉండనిచ్చాను."

అల్బెర్టె మోగెన్స్ వైపు తిరిగింది. "నానమ్మ పరుగెత్తుతున్నప్పుడు నేను ఎక్కడున్నాను?" అంది.

"కిందే ఉన్నావు," అంది రిక్కె. "అప్పటికే పడి ఉన్నావు. నువ్వు ఎవరినీ తోయలేదు. ఆవిడ నీ దగ్గరికి వచ్చింది, నీకు కోటు కప్పింది, బతికి ఉందని పైకి కేకేసి ఉంటుంది. అది వినకూడని మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు."

పిల్ల కలం వదిలేసింది. అది దొర్లి కిందపడితే ఎవరూ తీయలేదు. లాయరు మెల్లగా తన సంచీ మూసుకున్నాడు. ప్రేబెన్ అది చూశాడు. మనుషులు తనని వదిలి తప్పుకోవడం ఆ మనిషికి కొత్త. ముందు ఆశ్చర్యపడి, తర్వాత విసుగు పడ్డాడు. సరే, పొద్దున పిల్లని చూసిన మాట నిజమే అన్నాడు. మతిపోయి, పిల్ల చచ్చిపోయిందనుకున్నాడట. అమ్మ తన కళ్లముందే జారిందట. ఎవరికి చెప్పినా నమ్మరని భయపడి తొమ్మిదిన్నర కథ చెప్పాడట, అందులో నేరమేముందని అడిగాడు. పిరికితనం నేరమైతే సగం దేశాన్ని లోపలేయాలి అని లాయరు వైపు చూసి నవ్వబోయాడు. లాయరు నవ్వలేదు.

"బాబాయ్," అంది అల్బెర్టె. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "నేను చచ్చిపోయానని నీకెలా తెలుసు? నా దగ్గరికి వచ్చి చూశావా?"

"పైనుంచి పిలిచాను. నువ్వు పలకలేదు." చిన్నపిల్ల తెలివితక్కువ ప్రశ్న వేస్తే విసుక్కునే గొంతు అది. "ఇంకేం చేయమంటావ్? ఆ చీకట్లో అన్ని మెట్లు దిగి నేనూ మెడ విరగ్గొట్టుకోవాలా?"

జూన్‌లో నాలుగున్నరకే తెల్లారుతుంది. ఏడూ నలభైకి ఆ గట్టు మీద ఎండలో గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు.

ఫ్లెమ్మింగ్ యూల్ చేతిలో సగం కొరికిన బిస్కెట్టుని పళ్లెంలో పెట్టాడు. మూడు వారాల్లో మొదటిసారి జేబులోంచి పుస్తకం తీసి, ప్రేబెన్‌కి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చీకటంటే," అన్నాడు, "ఎన్నిగంటల చీకటి?"